నాలుగో బోరులో జానెడు

గీతల మాస్టారు తన బల్ల వదిలి షెడ్డులోకి వచ్చాడంటే ఎక్కడో కొంప మునిగిందన్నమాటే. ముప్పై ఏళ్లుగా పటాలు గీస్తున్న మనిషి, సందేహం వస్తే ఫోను చేస్తాడు తప్ప కుర్చీలోంచి లేవడు. అలాంటివాడు ఆ ఉదయం పది గంటల వేళ పెద్ద కాగితం ఒకటి చుట్టి చంకలో పెట్టుకుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, రాతి పెట్టెల వరసల మధ్యనుంచి నడిచి వచ్చాడు.

"రాళ్లక్కా, నీ బూడిద మధ్యలో మాయమైపోయిందమ్మా. గీత ఎక్కడ ఆపమంటావు?"

ఆమె అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినబడదు. తనకన్నా పదేళ్లు పెద్దవాళ్లు కూడా రాళ్లక్క అనే పిలుస్తారు, ఆమే పలుకుతుంది. ఇరవై రెండేళ్లుగా ఆమె పని ఒక్కటే. భూమిలోకి డ్రిల్లు దింపి తీసిన గుండ్రటి రాతి కడ్డీలు చెక్కపెట్టెల్లో షెడ్డుకు వస్తాయి. ఒక్కో పెట్టెకు ఐదు వరసలు, ఒక్కో వరస మీటరు పొడవు. పుస్తకం చదివినట్టే ఎడమనుంచి కుడికి, పైనుంచి కిందికి చదువుకుంటూ పోవాలి. ఆమె నీళ్లు చిలకరించి, రంగు చూసి, చాకుమొనతో గీకి, ఇది బురదరాయి, ఇది ఇసుకరాయి, ఇది అగ్నిపర్వతం కక్కిన లావా అని రాసి కింద సంతకం పెడుతుంది. ఆ సంతకం చూసుకునే ఇంజనీర్లు కొండలు కోస్తారు.

"ఏ బోరు మాస్టారూ?"

"నాలుగు. మూడో బోరులో బూడిద పొర ఉంది, ఐదో బోరులో ఉంది. మధ్యనున్న నాలుగులో మాత్రం 'లేదు' అని నీ చేత్తోనే రాశావు. గీత అటునుంచి ఒకటి వచ్చింది, ఇటునుంచి ఒకటి వచ్చింది, మధ్యలో నిలబడి ఒకదాని మొహం ఒకటి చూసుకుంటున్నాయి. ఫైలు మూసేయాలి, తేల్చి చెప్పు తల్లీ."

రాళ్లక్క కాగితం అందుకుని బల్ల మీద పరిచింది. రేవుకు పోయే కొత్త రోడ్డు కోసం కోస్తున్న కొండ అది. ఖండం అంచున, సరిగ్గా సముద్రం మీదికి ఒరిగి ఉంటుంది. కోట్ల ఏళ్ల కిందట కొండా కాదు, గిండా కాదు, సముద్రపు అడుగు. నదులు తెచ్చిన బురద పొర మీద పొరగా పేరుకుంది. మధ్యమధ్యలో ఎక్కడో అగ్నిపర్వతం పేలినప్పుడల్లా బూడిద వచ్చి నీళ్ల మీద పడి, మెల్లగా దిగి, ఆ బురద మీద దుప్పటిలా పరుచుకుంది. తర్వాత అదంతా గట్టిపడి, పైకి లేచి, సముద్రం వైపు వాలింది. ఇప్పుడు ఆ కొండలో పొరలన్నీ నీళ్ల వైపే జారుడుబల్లలా దిగుతాయి.

తను ఆ రోజు రాసిన వివరం కూడా ఆమెకు గుర్తుంది. 'అప్పటి సముద్ర ప్రవాహానికి ఇక్కడి బూడిద కొట్టుకుపోయి ఉండవచ్చు.' రాసినప్పుడు భలే కుదిరిందనిపించింది. ఇంజనీర్లు కూడా పట్టిక చూసి సంతోషించారు, లేనిదే మంచిదని. పటం గీయడం మాత్రం చివరికి మిగిలిన పని కాబట్టి ఎనిమిది నెలల తర్వాత, కొండ ముప్పాతిక కోసేశాక, ఇదిగో ఇలా వచ్చింది.

"ప్రవాహానికి కొట్టుకుపోయిందని రాశాను కదా," అంది, కానీ గొంతులో బలం లేదు. ప్రవాహం బూడిదను కడిగేస్తే దాని కిందనున్న మెత్తటి బురదను కూడా గీకెయ్యాలి. ఆ బురదరాయిలో దారప్పోగంత సన్నటి చారలు కూడా చెక్కుచెదరలేదని అదే కాగితంలో రెండు వరసల కింద తనే రాసింది. దుప్పటి మాత్రం లాగి పక్క నలగకుండా వదిలేసే ప్రవాహం ఉంటుందా? ఇంత చిన్న సంగతి ఎనిమిది నెలల కిందట తట్టలేదంటే ఆమెకు తన మీద తనకే ఒళ్లు మండింది.

"నాలుగో బోరు వేసింది ఎవరు?" అని అడిగింది, తెలిసి కూడా.

"ఇంకెవరు, మీ తమ్ముడే."

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. బోరు వేసే డ్రిల్లు నీళ్లతో నడుస్తుంది. మెత్తటి మట్టి తగిలితే ఆ నీళ్లకు కొట్టుకుపోతుంది, కడ్డీగా పైకి రాదు. అలా పోయినంత మేర పెట్టెలో ఖాళీ వదిలి, ఇంత పోయిందని రాసిన చెక్కదిమ్మ పెట్టాలన్నది నియమం. కానీ ఏ డ్రిల్లరుకైనా పెట్టెలో ఖాళీ అంటే పదిమందిలో పన్ను ఊడినట్టు. కాబట్టి కొందరు చేతివాటం గాళ్లు ముక్కల్ని అటో ఇటో కాస్త ఎడంగా జరిపి, వరస నిండినట్టు సర్దేస్తారు. ఆ సంగతి రాళ్లక్కకు కొట్టినపిండి. ఏ డ్రిల్లరు పెట్టె వచ్చినా ముందు ముక్కలన్నీ ఒక పక్కకు నెట్టి, టేపు పెట్టి కొలిచాకే కలం పట్టేది. ఆమెంటే డ్రిల్లర్లకు హడలు.

తమ్ముడి పెట్టెలు మాత్రం కొలిచేది కాదు. అమ్మ పోయినప్పుడు వాడికి నాలుగేళ్లు, ఆమెకు పదహారు. చంకనేసుకుని పెంచింది, తనే తీసుకొచ్చి డ్రిల్లు పనిలో పెట్టింది. వాడి పెట్టె మూత తీసి, నిండుగా ముచ్చటగా ఉందనుకుని, 'మొత్తం వచ్చింది' అని రాసేసేది. కాకి పిల్ల కాకికి ముద్దు అని ఊరికే అనలేదు.

ఆమె మూడో అరలోంచి నాలుగో బోరు ఐదో పెట్టెను లాగింది. మాస్టారు ఒక పక్క పట్టుకున్నాడు. ఇరవై రెండు మీటర్లనుంచి ఇరవై ఐదు దాకా మూడు వరసలు. మొదటి వరసలో ముక్కలు ఎడమకు నెట్టింది. టక్, టక్, టక్. చివర రెండు వేళ్ల సందు వచ్చింది. దాన్ని పూడుస్తూ రెండో వరసలోంచి ముక్క తీసి పెట్టింది. మళ్లీ నెట్టింది. సందు పెరిగింది. మాస్టారు కళ్లజోడు దించుకుని ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. మూడో వరస కూడా నెట్టి, చివర మిగిలిన ఖాళీ మీద టేపు పెట్టింది.

పంతొమ్మిది సెంటీమీటర్లు. జానెడు.

మూడో బోరులో బూడిద పొర మందం పద్ధెనిమిది. ఐదో బోరులో ఇరవై. అక్కడ అది ఇటుకలా గట్టిగా ఉంది కాబట్టి కడ్డీగా బయటికొచ్చింది. ఇక్కడ నీరు దిగి, నాని, మెత్తటి జిగురుమట్టి అయి ఉంటుంది. ఆమె ముక్కలు ఒక్కొక్కటే తిప్పి చూసింది. ఇరవై మూడో మీటరు దగ్గర ఒక ముక్క అడుగున బూడిదరంగు పూత ఎండిపోయి ఉంది. తడి చేసి వేలితో రాస్తే సబ్బులా జారింది.

"ఏమైందమ్మా?" అన్నాడు మాస్టారు.

"బూడిద ఎక్కడికీ పోలేదు మాస్టారూ. కొండ మొత్తం దాని మీదే కూర్చుని ఉంది. మనవాళ్లు కొండ పాదం కోసేస్తున్నారు."

కోతలో ఆఖరి ముక్క ఆ రోజే. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఇసుకలోకి తవ్వే యంత్రం దించి, పాదాన్ని ఆనుకున్న రాతి దిమ్మను తీసెయ్యాలి. ఆ దిమ్మే ఇన్నాళ్లూ పై పొరల్ని ఆపుతోంది. దాని కింద పదకొండు మంది పనిచేస్తున్నారు. రాతిలోకి ఇనుపకడ్డీలు దింపడానికి రంధ్రాలు వేస్తున్న డ్రిల్లరు వాళ్లలో ఒకడు. ఆమె తమ్ముడు.

ముందు వాడికే ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. డ్రిల్లు మోతలో వాడికి పిడుగు పడినా వినపడదు. పెద్ద ఇంజనీరు ఫోను ఆపేసి ఉంది. చివరికి సైట్ మేనేజరు ఎత్తాడు. మాటకు ముందోసారి, తర్వాతోసారి చేతిగడియారం చూసుకునే మనిషి, పనివాళ్లంతా చాటున గడియారం గారంటారు.

"మేడమ్, పదకొండున్నరకి యంత్రం దిగుతుంది. రెండింటికి పోటొస్తుంది. సముద్రం నాకోసం ఆగదు. ఏదన్నా ఉంటే సాయంత్రం మాట్లాడుకుందాం."

"సాయంత్రం మాట్లాడుకోవడానికి మీరు ఉండాలి కదండీ," అంది. అతను అప్పటికే పెట్టేశాడు.

గోడ మీద గడియారంలో పదీ నలభై. సైటు నలభై నిమిషాల దూరం. షెడ్డు వ్యానుకు ఆ రోజు డ్రైవరు లేడు. మాస్టారుకు లైసెన్సు ఉంది. ఆ లైసెన్సు ఎలా వచ్చిందో దేవుడికెరుక, ఆయన బండి నడిపితే పక్కన నడిచేవాళ్లు దాటిపోతారని ఆఫీసులో పెద్ద జోకు. రాళ్లక్కకు బండి నడపడం రాదు. ఇద్దరూ కలిసి ముప్పై కిలోల పెట్టెను వ్యానులోకి ఎక్కించారు. ఆమె వెనకాలే కూర్చుని, ముక్కలు కదలకుండా రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"మాస్టారూ, కాస్త తొక్కండి."

"తొక్కుతూనే ఉన్నానమ్మా."

"బ్రేకు కాదు మాస్టారూ!"

ఆ మాటతో ఆయనకు పౌరుషం వచ్చింది. పచ్చదీపం పడీపడకముందే కూడలి దాటించాడు, మలుపుల్లో హారను మోగించాడు, ఎదురొచ్చిన లారీవాడు తిడితే తిరిగి తిట్టాడు. వెనకాల పెట్టె మీదికి వంగి కూర్చున్న రాళ్లక్కకు మాత్రం ఆ తిట్లేవీ చెవికెక్కలేదు. భయం ఒకటి కాదు, రెండు. కొండ పడుతుందేమోనన్నది మొదటిది. అది పడకుండా ఆపాలంటే తన సంతకం తప్పని చెప్పాలి, తమ్ముడు దొంగసర్దుడు సర్దాడని పదిమందిలో చెప్పాలి. అలా తేలిన డ్రిల్లరు లైసెన్సు ఆ రోజే రద్దవుతుంది, మళ్లీ ఎవరూ యంత్రం ముట్టుకోనివ్వరు. వాడికి ఇంకో పని రాదు. ఈ రెండో భయం మొదటిదాని పక్కన కూర్చోవడానికి సిగ్గుపడాలి గానీ పడలేదు, దర్జాగా కూర్చుంది.

పదకొండూ ఇరవై ఐదుకి గేటు చేరారు. వాచ్‌మన్ ఆమె తలకి హెల్మెట్ ఇచ్చి, కాళ్లవైపు చూశాడు.

"చెప్పులతో లోపలికి పంపనమ్మా. బూట్లుండాలి."

"కొండ మన మీద పడేలా ఉంటే చెప్పులు చూస్తావేంటయ్యా?"

"అందుకేగా బూట్లు వేసుకోమంటున్నది."

వాడితో వాదిస్తే తెల్లారుతుంది. ఎవరివో రెండు సైజులు పెద్ద బూట్లు పడేశాడు. అవే తగిలించుకుని, మాస్టారు ఒక కొస, తను ఒక కొస పెట్టె పట్టుకుని, మేనేజరు గది ముందు దింపారు. గది అంటే ఇనుప డబ్బా, కిటికీలోంచి కోత మొత్తం కనబడుతుంది. సముద్రం వెనక్కి తగ్గి తడి ఇసుక మెరుస్తోంది. పసుపు యంత్రం అప్పుడే ఇసుకలోకి దిగి, తొట్టి పైకెత్తి నిలబడి ఉంది.

రాళ్లక్క ముక్కలు నెట్టి ఖాళీ చూపించింది. జిగురుపూత చూపించింది. మేనేజరు విన్నాడు. చెడ్డవాడేం కాదు. వినడంలో లోపం చెయ్యలేదు.

"మేడమ్, ఈ కాగితం మీద సంతకం మీదే కదా?"

"నాదే."

"బూడిద లేదన్నది మీరే కదా?"

"నేనే. తప్పు రాశాను."

"ఎనిమిది నెలలు నేను ఈ కాగితం నమ్ముకుని కొండ కోశాను. ఇవాళ మీరొచ్చి నోటిమాటతో ఆపమంటున్నారు. ఈ ఖాళీలోని ముక్క దారిలో పడిపోయి ఉండొచ్చు. షెడ్డులో ఎవరైనా తీసి ఉండొచ్చు. రేపు పైవాళ్లు ఎందుకు ఆపావంటే నేనేం చెప్పాలి, జానెడు ఖాళీ చూపించారనా?" గడియారం చూసుకున్నాడు. "బోరు వేసినవాడు చెప్పాలి, అక్కడ మట్టి పోయిందని. వాడు చెప్తే ఈ క్షణం ఆపుతాను. అతను మీ తమ్ముడే కదా? వెళ్లి అడగండి."

అన్నాడే గానీ విజిలు మాత్రం ఊదేశాడు. పసుపు యంత్రం కదిలింది.

రాళ్లక్క ఆ పెద్ద బూట్లతోనే మెట్లు దిగింది. రాతిగోడ పక్కనుంచి, గొట్టాల మీదనుంచి, పడుతూ లేస్తూ పోయింది. కొండ పాదం దగ్గర పనివాళ్లు కడ్డీలు మోస్తున్నారు. తమ్ముడు చెవులకు డిప్పలు పెట్టుకుని, ఒంటినిండా తెల్లటి రాతిపొడితో డ్రిల్లు మీద వంగి ఉన్నాడు. ఆమె భుజం మీద కొడితే ఉలిక్కిపడి తిరిగి, డ్రిల్లు వదిలి, చెవుల మీది డిప్పలు తీశాడు.

"అక్కా! ఇక్కడికెందుకొచ్చావు? ఆ బూట్లేంటి?"

"నాలుగో బోరు గుర్తుందా?"

వాడి మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్లలోంచి మాత్రం పోయింది. గుమ్మడికాయ దొంగ అనకముందే వాడి చెయ్యి భుజం మీదికి పోయింది.

"ఎప్పటిదో కదా. ఇప్పుడెందుకు?"

"ఇరవై మూడో మీటరు దగ్గర నీళ్లు ఏ రంగులో వచ్చాయి రా?"

వెనకాల యంత్రం తొట్టి రాతికి తగిలిన చప్పుడు నేలలోంచి కాళ్లకు తెలిసింది.

"అబద్ధం చెప్పకు. నేను తిట్టడానికి రాలేదు. ఏ రంగు?"

"పాలలా వచ్చాయి," అన్నాడు, ఆమె చెవి దగ్గరికి వంగి. "ఓ నిమిషం పాటు. డ్రిల్లు దానంతటదే దిగిపోయింది, వెన్నలోకి దిగినట్టు. మెత్తటి ముక్క ఏదో ఉంది, పోయింది అనుకున్నా. ముక్కలు కాస్త ఎడంగా..." ఆగి, "ఎంత పోయింది?" అన్నాడు.

"జానెడు. మనం నిలబడ్డ చోటికి పైన, ఈ కొండ మొత్తం కింద. మేనేజరు నువ్వు చెప్తేనే ఆపుతాడట."

"చెప్తే నా లైసెన్సు పోతుందక్కా."

"పోతుంది."

"పిల్లలింకా..."

"తెలుసు రా. నాకు తెలీదా?" ఆమెకు ఏడుపొచ్చేసింది. "నీ చేత చెప్పించడానికి వచ్చాను గానీ, చెప్పు అనడానికి నోరు రావడం లేదు. చూడు, ఇక్కడ పదకొండు మంది ఉన్నారు."

వాడు అక్క వైపు చూశాడు. తలెత్తి కొండ వైపు చూశాడు. తర్వాత చేసిన పని ఒక్కటే, చెయ్యి చాపి రంధ్రాల డ్రిల్లుకు గాలి కొట్టే కంప్రెసరు ఆపేశాడు.

పొద్దుటినుంచి మోగుతున్న మోత ఒక్కసారిగా తెగిపోయింది. యంత్రం నడిపేవాడు కూడా ఏమైందోనని తొట్టి ఆపి ఇటు చూశాడు. ఆ నిశ్శబ్దంలో అందరికీ వినబడింది. కొండ లోపలినుంచి టిక్, టిక్ అని. ఎవరో దూరంగా పెంకులు విరుస్తున్నట్టు. పైనుంచి గోలీలంత రాళ్లు నాలుగు దొర్లుకుంటూ వచ్చి ఇసుకలో పడ్డాయి.

"బయటికి పదండి!" అని అరిచాడు తమ్ముడు. "సామాన్లు వదిలెయ్యండి! అందరూ! రేయ్, యంత్రం వదిలేసి దిగు!"

పనివాళ్లకు డ్రిల్లరు అరుపు మీద నమ్మకం. ఎందుకని అడగకుండా కడ్డీలు పడేసి పరిగెత్తారు. రాళ్లక్క పెద్ద బూట్లలో పరిగెత్తలేక పడింది. వాడు ఆమె నడుము పట్టి లేపి, దాదాపు మోసుకుంటూ గేటు దాకా తెచ్చాడు. తలలు లెక్కపెడితే పదకొండు, పన్నెండో తల రాళ్లక్కది.

మేనేజరు మెట్ల మీదే ఎదురొచ్చాడు. "ఎవడు ఆపమన్నాడు? ఎవడు?"

"నేను," అన్నాడు తమ్ముడు, రొప్పుతూనే, అందరికీ వినపడేటట్టు. "నాలుగో బోరులో జానెడు మట్టి నీళ్లకు పోయింది సార్. ఖాళీ కనపడకుండా ముక్కలు నేనే సర్దాను. రాసివ్వమంటే రాసిస్తాను."

మేనేజరు విజిలు జేబులో పెట్టుకున్నాడు. తర్వాత కాగితం తెప్పించాడు. వాడు రాతిపొడి చేతులతో రాసి, సంతకం పెట్టి, జేబులోంచి లైసెన్సు కార్డు తీసి దాని మీద పెట్టాడు. ఎవరూ అడగకుండానే.

ఆ తర్వాత ఎదురుచూడడం మొదలైంది. కొండ మీద ఎక్కడైనా పగులుందేమో చూసి రమ్మని సర్వేయరును వెనకదారిన పంపారు. మిగతావాళ్లు గేటు బయట నేల మీద కూర్చున్నారు. పన్నెండైంది. పన్నెండున్నర. కొండ ఎప్పట్లాగే ఉంది, దాని మీద కొంగలు కూడా వచ్చి వాలాయి. ఇసుకలో పసుపు యంత్రం ఒంటరిగా తొట్టి చాచి ఉంది. ఒంటిగంటకి నీళ్ల అంచు ముందుకు రావడం కనిపించింది. పనివాళ్లలో ఒకడు మెల్లగా, "కొండను తవ్వి ఎలుకను పట్టారు," అన్నాడు. ఇంకొకడు నవ్వాడు. మేనేజరు గడియారం చూసుకోవడం మానేశాడు, అది ఇంకా భయంగా ఉంది.

తమ్ముడు మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని కొండనే చూస్తున్నాడు. వాడి పక్కన కూర్చున్న రాళ్లక్క మనసులో ఒక మాట నడుస్తోంది. పడు. ఒక్కసారి పడు. మనుషులు లేరుగా, పడితే నీ సొమ్మేం పోయింది. వాడు అన్నీ వదులుకున్నాడు, వాడు చెప్పింది నిజమని ఇంతమంది ముందు చూపించు. అలా అనుకుంటూ అనుకుంటూ, తను కొండ కూలాలని మొక్కుకుంటున్నానని ఆమెకు తెలిసింది. ఆపడానికి వచ్చిన మనిషి! తన మీద తనకు అసహ్యం వేసి మొహం కొంగులో దాచుకుంది.

ఒకటీ ఇరవైకి మేనేజరు చేతిలో వాకీటాకీ గరగరలాడింది. సర్వేయరు గొంతు, ఆయాసంతో.

"సార్, కొండ మీద పగులుంది. ఇటు చివరనుంచి అటు చివరదాకా. చెయ్యి దూరుతోంది. గడ్డి వేళ్లు ఇప్పుడే తెగినట్టు తెల్లగా ఉన్నాయి. పొద్దున నేను కొలతలకి వచ్చినప్పుడు లేదు సార్, నా మీద ఒట్టు."

కొండను, ఎలుకను కలిపిన పనివాడు లేచి వచ్చి, తమ్ముడి ముందు ఏం చెయ్యాలో తెలియక వాడి రెండు చేతులూ పట్టుకుని ఊపి, వెళ్లిపోయాడు. మేనేజరు హెల్మెట్ తీసి తల తుడుచుకున్నాడు. ఆ దిమ్మ ఇంకో అరగంట కోసి ఉంటే ఏమయ్యేదో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. లైసెన్సు కార్డు అతని చొక్కా జేబులోనే ఉంది. దాన్ని తిరిగిచ్చే అధికారం అతనికి లేదు, ఇవ్వాలని చూడనూ లేదు. కానీ వచ్చి తమ్ముడి పక్కన నేల మీదే కూర్చున్నాడు.

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు," అన్నాడు. "ఇలా ఇంకెన్ని బోర్లలో సర్దావు?"

తమ్ముడు నేల మీద వేలితో గీతలు గీశాడు.

"అడుగుతున్నారు, చెప్పు రా," అంది రాళ్లక్క. ఒకటో రెండో అంటాడని ఆమె అనుకుంది.

"లెక్కపెట్టలేదు."

"లెక్కపెట్టలేదంటే?"

"మొదట్లో ఖాళీ వదిలేవాణ్ణక్కా. దిమ్మ పెట్టి రాసేవాణ్ణి. నువ్వు అందరి పెట్టెలూ కొలుస్తావు, నావి మూత తీసి చూసి నిండుగా ఉన్నాయని మురిసిపోయేదానివి. నావి కొలవవని తెలిశాక..." వాడు అరచేతి మీది రాతిపొడి గీకాడు. "ఖాళీ పెట్టె నీకు చూపించబుద్ధి కాలేదు."

రాళ్లక్క తనే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తమ్ముడు పదకొండేళ్లుగా డ్రిల్లు మీద ఉన్నాడు. వంతెన పునాదులకు బోర్లు వేశాడు. నీళ్ల గుట్ట అనే కొండ కింద తవ్వే సొరంగానికి తొమ్మిది బోర్లు వేశాడు, అన్నీ ఈ పొరల్లోనే, ఇదే బురదరాయి, ఇదే బూడిద. తొమ్మిదింటికీ 'మొత్తం వచ్చింది' అని రాసింది తనే. ఆ సొరంగంలో ఇప్పుడు రెండు షిఫ్టుల మనుషులు తవ్వుతున్నారు, మధ్యాహ్నం షిఫ్టు ఒకటిన్నరకి లోపలికి దిగుతుంది.

"టైమెంత?" అంది.

మేనేజరు చూసి, "ఒకటీ ఇరవై ఆరు," అన్నాడు.

ఆమె ఫోను తీసింది. రెండుసార్లు తప్పు నంబరు నొక్కింది. తమ్ముడు ఆమె చేతిలోంచి ఫోను అందుకుని, సరైన నంబరు కలిపి, మళ్లీ ఆమెకే ఇచ్చాడు. అవతల సొరంగం ఆఫీసులో ఎవరో ఎత్తారు.

"షిఫ్టును లోపలికి పంపకండి," అంది. "లోపలున్నవాళ్లని బయటికి రమ్మనండి. ఇప్పుడే."

"ఎవరండీ మీరు?"

"మీ కాగితాల మీద సంతకం పెట్టినదాన్ని," అంది రాళ్లక్క. "ఆ రాతి పెట్టెలు నేను కొలవలేదు."